చివరి పంక్తి పప్పు

రెండువేల ఒకటి, ఫిబ్రవరి. కొండ మీది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి. లెక్కల టీచరూ, హాస్టలు వార్డెనూ రెండూ తానే అయిన హేమలత ఆఫీసు గది తలుపు దగ్గరగా వేసింది. పదో తరగతి కొర్రా నీలవేణి బల్లకి ఇవతల నిలబడింది. పొగరనుకోండి, భయమనుకోండి, ఆ పిల్ల చేతులు మాత్రం కట్టుకోలేదు.

“...అలా మిడిగుడ్లేసుకుని చూడకు. అడిగినదానికి చెప్పు. పప్పా? గుణశ్రేఢికి ఉదాహరణ పప్పా?”

“అవును టీచర్.”

“అవునట! తనిఖీకొచ్చిన ఐటీడీఏ పీవో గారి ముందు, ఆయన వెనకాల వచ్చిన ఆఫీసర్లందరి ముందు, ‘మా హాస్టల్ పప్పు సార్’ అంటావా? లోకంలో ఇంకే ఉదాహరణా దొరకలేదా నీకు?”

“నేను చూసింది అదే టీచర్.”

“నోర్ముయ్. నిన్న నిన్ను లేపి నేనేమన్నాను? నేనన్న మాట అన్నట్టు చెప్పు.”

“‘ఆ రోజు క్లాసంతా చప్పట్లు కొట్టారే, ఆ ఉదాహరణ సార్‌కి చెప్పమ్మా’ అన్నారు.”

“అన్నానా? అమ్మా అని కూడా అన్నానా? మరి నువ్వేం చేశావు? దాన్ని వదిలేసి...”

“వదల్లేదు టీచర్, అదే...”

“మధ్యలో రాకు! అంత చక్కటి ఉదాహరణ వదిలేసి పప్పూ, పంక్తీ అని మొదలెట్టావు. క్లాసులో ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు లేపాను? శ్రేఢులు నీ ఒక్కదానికే తలకెక్కాయి కాబట్టి. మిగతావాళ్ళని లేపితే సామాన్య నిష్పత్తి అంటే నోరు తెరుస్తారు. నువ్వైతే నా పరువు నిలబెడతావనుకున్నాను. నిలబెట్టావు! బాగా నిలబెట్టావు! ఆయన మొదట నవ్వాడు. చూశావు కదా?”

“చూసేను.”

“ఆ నవ్వుతో ఊరుకునేవాడు. ఏదో పిల్ల సరదాకి అందనుకునేవాడు. ‘అయితే బోర్డు మీద వేసి చూపించు’ అన్నాడో లేదో, చాక్‌పీసు అందుకున్నావు!”

“వేయమన్నారు కాబట్టి వేసేను.”

“వేశావు. ఒక పంక్తి వేసి ఊరుకోవచ్చు కదా? ఐదు పంక్తులూ వేశావు. ఆయన మొహంలో నవ్వు ఎక్కడ ఆగిపోయిందో తెలుసా నీకు?”

“నాలుగో పంక్తి దగ్గర టీచర్.”

“అదీ చూశావన్నమాట! చూసి కూడా ఐదోది వేశావన్నమాట! తర్వాత ఆయన నావైపు తిరిగి ఏమన్నాడో విన్నావా?”

“‘పప్పు ఎక్కడికి పోతోంది మేడమ్’ అన్నారు.”

“అందరూ వింటుండగా! హెడ్‌మాస్టారు నేల చూపులు చూశారు. ఆ జీపు డ్రైవరు కూడా కిటికీలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. నేను దొంగనటే గుంటా? పప్పుల దొంగనా? మా ఊరు శృంగవరపుకోట పక్కన. ఇంటిదగ్గర నా పిల్లల్ని మా అత్తగారి మీద వదిలేసి, ఈ చలిలో, ఈ మంచులో మీ అందరికీ జ్వరాలొస్తే మాత్రలు వేస్తూ పడుంటే, నాకిచ్చే బహుమానం ఇదా?”

“మీరు దొంగని నేను అన్లేదు టీచర్.”

“అనక్కర్లేదు. నువ్వు లెక్క వేశావు, ఆయన అర్థం చేసుకున్నాడు. సరే. ఇప్పుడు నేను చెప్పేది చెవి పెట్టి విను. రేపు ఆయన మళ్ళీ వస్తానన్నాడు. భోజనాల టైముకే వస్తాడు. ఆయన ముందు నువ్వు లేచి, ‘సార్, మొన్న నేను చెప్పింది ఊహించి చెప్పాను, నిజంగా అలా జరగదు’ అనాలి.”

“అలా అంటే...”

“అంటే నీ హాల్‌టికెట్టు నీకిస్తాను. ఇదిగో, ఈ సొరుగులోనే ఉంది. నిన్ననే వచ్చాయి.”

“అనకపోతే టీచర్?”

“అనకపోతే టీసీ. మీ అయ్యకి కబురు పెడతాను, వచ్చి తీసుకుపోతాడు. జీకేవీధి అవతల మీ ఊళ్ళో కాఫీ తోటలున్నాయి కదా? హాయిగా కలుపు తీసుకో. అక్కడ కాఫీ మొక్కలకి చెప్పు గుణశ్రేఢి.”

“టీచర్, పబ్లిక్ పరీక్షలు వచ్చే నెలే కదా టీచర్.”

“ఆ సంగతి చాక్‌పీసు పట్టుకున్నప్పుడు గుర్తు రావాలి.”

“మా ఊళ్ళో ఇంతవరకూ ఏ గుంటా పదో తరగతి రాయలేదు. మా అయ్య సంతలో కనబడ్డ అందరికీ చెప్పుకున్నాడు. టీచర్, హాల్‌టికెట్టు మాత్రం ఇవ్వండి టీచర్. మీరు కొట్టండి, బయట ఎండలో నిలబెట్టండి. అది మాత్రం ఇవ్వండి.”

“ఇవ్వనని ఎవరన్నారు? ఒక్క మాట అనమన్నాను. అంతే.”

“ఆ మాట అబద్ధం కదా టీచర్.”

“చూడు, మళ్ళీ మొదటికి వచ్చింది! అబద్ధమేంటి? స్టోరులో పప్పు నేను స్వయంగా తూచి ఇస్తాను. ఒక్క గింజ తగ్గదు. అవునా, కాదా?”

“అవును. మీరు తూచి ఇస్తారు. నేను చూసేను.”

“మరి? ఆ పప్పంతా వండే గుండిలోనే పడుతుంది కదా?”

“పడతాది.”

“మరి నీ బాధేంటి? పలచన అంటావా? నేను కూడా ఆ పప్పే తింటున్నానే! రోజూ తింటున్నాను! గరిటె నిలబెడితే నిలబడుతుంది.”

“మీది వేరే...”

“వేరే ఏంటి? నా కోసం వేరే వండుతున్నారా ఇక్కడ? ఒకటే పొయ్యి, ఒకటే పప్పు. వడ్డించేటప్పుడు కాసిన్ని నీళ్ళు కలుపుతారు, నాకు తెలుసు. ఎక్కడ కలపరు? మా ఇంట్లో చుట్టాలొస్తే మేమూ కలుపుతాం. పంక్తికి ఒక బిందె పోస్తే, పంక్తికి ఒక బిందె పలచన. దానికింత రాద్ధాంతమా?”

“అది అంకశ్రేఢి టీచర్.”

“ఏటీ?”

“మీరు చెప్తున్నది అంకశ్రేఢి. ప్రతిసారీ అంతే తగ్గితే అంకశ్రేఢి అని మీరే చెప్పేరు. ఇక్కడ పోసే నీళ్ళు అంతే. తగ్గే పప్పు మాత్రం అంతే కాదు. గుండిలో ఉన్నదాంట్లో సగం పోతాది. నీళ్ళు పోస్తారు. మిగిలిన సగంలో మళ్ళీ సగం పోతాది. మళ్ళీ నీళ్ళు పోస్తారు. మొదటి పంక్తికి సగం, రెండో పంక్తికి పావు, మూడో పంక్తికి...”

“నాకే పాఠం చెప్తున్నావా?”

“మీరు చెప్పిన పాఠమే టీచర్.”

“కళ్ళు నెత్తికెక్కాయి నీకు. సగం సగం అని నువ్వెప్పుడు చూశావు? వంటింట్లో దూరి కొలిచావా? ఉండు. సోములమ్మా! ఓ సోములమ్మా! ఇలా రా! బేగి రా!”

వంటామె సోములమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గడపలోనే నిలబడిపోయింది. నిన్నటి సంగతి తనకీ తెలుసు, అందుకే లోపలికి రాలేదు.

“ఏటి టీచరమ్మా? గుండి తోముతన్నాను.”

“గుండి తర్వాత తోముదువుగాని. ఈవిడగారు నీ పప్పు మీద లెక్క కట్టింది, విన్నావా?”

“ఇన్నాను. ఊరంతా ఇనింది. ఏటే గుంటా, నా సేతి కూడు తిని నా మీదే సాడీలా? మొదటి పంక్తిలో నీకు గట్టి పప్పు ఏసినది ఈ సెయ్యే కదే!”

“అందుకే చెప్పేను పెద్దమ్మా.”

“అందుకేటి? గట్టిగా ఏసినందుకా? ఇదేటి ఇడ్డూరం తల్లీ!”

“నువ్వాగు సోములమ్మా. నేనడిగినదానికి చెప్పు. పప్పులో నీళ్ళు పోస్తున్నావా?”

“పొయ్యనేటి? నీళ్ళు లేకుండా పప్పు ఉడుకుతాదేటి?”

“ఉడికాక!”

“ఉడికినాకా పోస్తాను. పంక్తి పంక్తికీ పోస్తాను. పొయ్యకపోతే గుండి కాళీ అయిపోదా?”

“అందరికీ సరిపడా ఒకేసారి ఎందుకు వండవు?”

“దేంట్లో వండమంటారు టీచరమ్మా? నా నెత్తి మీదా? పెద్ద గుండి తొలకరి వానల్లోనే కన్నం పడిపోనాది. మీకు సెప్పినాను. ‘సంతకెళ్ళినప్పుడు మాటు ఏయిద్దాం లే’ అన్నారు. అప్పుడు పొయ్యి ఎనకాల బోర్లించినాను, ఇప్పటికీ బోర్లించే ఉంది. దాని కింద కోడి పొదుగుతాంది.”

“నాకెక్కడ ఖాళీ ఉంది సోములమ్మా? ఒకపక్క సిలబస్సు, ఒకపక్క పిల్లల జ్వరాలు...”

“మీకు కాళీ నేదు, నాకు గుండి నేదు. సిన్న గుండిలోనే పప్పంతా పోసి ముద్దలాగ ఉడకబెడతన్నాను. మొదటి పంక్తికి ఒడ్డిస్తే సగానికి దిగుతాది. అప్పుడు అంచు దాకా నీళ్ళు పోసి, ఉప్పేసి, పసుపేసి, ఒక పొంగు రానిస్తాను.”

“పసుపెందుకు?”

“రంగు తగ్గిపోద్ది కదా.”

“ఓరి దేవుడా. అయితే ప్రతి పంక్తికీ ఇంతేనా?”

“ప్రెతి పంక్తికీ ఇంతే. సగానికి దిగుతాది, నింపుతాను. సగానికి దిగుతాది, నింపుతాను. ఆకరికి కూడా గుండిలో ఉంటాది. ఈ బడిలో ఏ గుంటకైనా ‘పప్పు అయిపోనాది’ అని ఎప్పుడైనా అన్నానేటి? అడగండి. అన్నానేటే నీలవేణీ?”

“అన్లేదు పెద్దమ్మా.”

“మా కొంపలో ఆ మాట అనకూడదు. అంబలి కుండ అడుగు కనబడకూడదు. ఆకరి మనిసి తాగీదాకా కుండలో ఉండాల. మా అత్త అలగే సేసింది, నానూ అలగే సేస్తన్నాను. ఎవులొచ్చినా నీళ్ళు పోసి ఇచ్చీడమే. ఒక్క మనిసిని కాళీ కడుపుతో పంపిన పాపం నాకు నేదు.”

“అంబలైతే నీళ్ళతో పాటు గుప్పెడు పిండి కూడా కలుపుతాం కదా పెద్దమ్మా. ఇక్కడ నీళ్ళే కలుపుతున్నావు.”

“పిండి నేనినాడు ఉట్టి నీళ్ళే కలిపినాం. బతకనేదేటి? నీళ్ళు పోసి పప్పు పెంచినాను గానీ తగ్గించినానా?”

“పెరగదు. ఎన్ని బిందెలు పోసినా పెరగదు. కింద పారే గెడ్డలో నీళ్ళన్నీ మోసుకొచ్చి పోసినా, అనంతంగా పంక్తులు కూచోబెట్టినా, అందరి పళ్ళాల్లో పప్పూ కలిపితే మొదట పోసిన ఒక్క గుండే. ‘a’ బై ఒకటి మైనస్ ‘r’.”

“ఏటంతాంది టీచరమ్మా ఇది? నన్ను తిడతాందేటి?”

“తిట్టడం లేదు. లెక్క చెబుతోంది.”

“ఆ లెక్క నిజమేనేటి?”

“...నిజమే.”

“నిజమేనంటారేటి టీచరమ్మా! మీరు కూడా దాని పక్కనే? రేపు పీవో బాబొచ్చి నన్ను పొమ్మంటే నాను ఏ కొండెక్కి సావను?”

“నిన్ను పొమ్మనడు. నన్ను పొమ్మంటాడు. ఆగు, ఒక్క విషయం చెప్పు. నా క్యారేజీలో పప్పు గట్టిగా ఉంటుంది కదా. అది ఏ పంక్తిలోది?”

“మీది పంక్తిలోదేటి! మీది పొయ్యి మీంచి గుండి దించగానే, ఎవులికీ ఎయ్యకముందే తీసి పక్కనెడతాను. టీచరమ్మకి నీళ్ళ పప్పు ఎడతానేటి?”

“రోజూనా?”

“రోజూ. మరి మరేదనుకుంటన్నారు?”

“ఇది నేను నీకు చెప్పానా? అలా తియ్యమని చెప్పానా నేను?”

“సెప్పాలేటి?”

“చాల్లే. ఇంక చాలు. నీలవేణీ, నువ్వేంటలా చూస్తావు? నేను తియ్యమనలేదు. నాకు తెలీదు. తెలీదంటే నమ్ముతావా, నమ్మవా?”

“నమ్ముతాను టీచర్.”

“నమ్మేదానివైతే అందరి ముందూ ఇలా చేస్తావా? అసలు చివరి పంక్తి సంగతి నీకెందుకు? నువ్వు కూచునేది మొదటి పంక్తి. నీ పళ్ళెంలో గట్టి పప్పే పడుతోంది. నీకేం తక్కువైంది?”

“నాకు తక్కువ కాలేదు.”

“మరి ఎందుకు?”

“బేబికి తక్కువైంది.”

“బేబి ఎవరు?”

“మా చెల్లి. మూడో తరగతి. మొన్న ప్రార్థనలో పడిపోయింది కదా టీచర్. ‘కాస్త గ్లూకోజు నీళ్ళు పట్టండి’ అని మీరే అన్నారు.”

“అది నీ చెల్లెలా?”

“కొర్రా బేబి. ఇంటిపేరు ఒకటే.”

“ఇక్కడ సగం మంది కొర్రా వాళ్ళే! నాకెలా తెలుస్తుంది?”

“వానల్లో తనకి జొరం వచ్చిన రోజు నేను పక్కన కూచుని తినిపిద్దామని చివరి పంక్తిలో కూచున్నాను. పళ్ళెంలో పసుపు నీళ్ళు. మెతుకులు తేలిపోతున్నాయి. ‘ఇదేటే’ అని అడిగితే, ‘పప్పు అక్కా, రోజూ ఇదే పప్పు’ అంది. పప్పంటే అలగే ఉంటాదనుకుంటోంది టీచర్. జూన్‌లో కదా బడికొచ్చింది, దానికి ఇంకో పప్పు తెలీదు.”

“సిన్న గుంటలు ఎంత తింటారే! ఆళ్ళకి నీళ్ళ పప్పే అరుగుతాది.”

“మరి కిందటేడు చిన్నపిల్లలే ముందు తినేవాళ్ళు కదా పెద్దమ్మా? అప్పుడు అరగలేదా?”

“ఆ మాట టీచరమ్మని అడుగు. పంక్తులు మార్చినది నానా?”

“నేనే మార్చాను! అవును, నేనే! పదో తరగతి వాళ్ళు ముందు తిని స్టడీకి కూచోవాలని మార్చాను. పబ్లిక్ ఉంది, ఒంట్లో బలం ఉండాలని మార్చాను. మీ మంచి కోరి చేశాను. అది కూడా తప్పేనా?”

“తప్పు అన్లేదు టీచర్. నా పప్పు దాచి దానికిద్దామని కూడా చూసేను. ఒక పంక్తి లేచి చేతులు కడుక్కుని బయటికెళ్తే గానీ ఇంకో పంక్తిని రానివ్వరు కదా.”

“సరే, సరే. ఏడవకు.”

“ఏడవట్లేదు.”

“ఏడవకపోతే ఆ ముక్కు తుడుచుకో. ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా విను. రేపటికి హెడ్‌మాస్టారి ఇంట్లోంచి ఇంకో గుండి తెప్పిస్తాను. రెండు గుండీల్లో వండుతారు. అందరికీ ఒకటే పప్పు. పీవో గారు చూస్తారు, తృప్తి పడతారు. అప్పుడు ఆయన నిన్ను అడుగుతాడు. నువ్వేమంటావు?”

“రేపు రెండు గుండీలు పెట్టేరు అంటాను.”

“నిన్ను పాతిపెట్టా! అలా కాదు. అబద్ధం చెప్పనంటావు కదా, పోనీ అబద్ధం వద్దు. ఇలా చెప్పు: ‘సార్, ఇన్నాళ్ళూ ప్రతి పంక్తికీ పప్పు అందింది’ అని చెప్పు. ఇది నిజమా, కాదా? గుణశ్రేఢిలో ఎన్నిసార్లు సగం చేసినా ఏ పదమూ సున్నా అవదు. నేను చెప్పాను, పుస్తకంలోనూ ఉంది.”

“సున్నా అవదు టీచర్. చివరి పంక్తికి ముప్ఫై రెండో వంతు వస్తాది.”

“అదీ! వస్తుంది కదా? ఉన్నట్టే కదా?”

“అయితే రేపట్నుంచి మీ క్యారేజీలో ఆ ముప్ఫై రెండో వంతు వేయించుకోండి టీచర్.”

“ఏమన్నావే?”

“ఏటే ఆ మాటలు! టీచరమ్మ కాళ్ళు పట్టుకోవే గుంటా, హాల్‌టికెట్టు సించేస్తాది!”

“చించను. నేనెందుకు చించుతాను? నా చేతులతో పెంచిన పిల్ల ఇది. రాత్రీ పగలూ కూచోబెట్టి లెక్కలు చెప్పాను దీనికి. ఇది నన్ను ఇంత మాట అంటుందా! సోములమ్మా, నువ్వు చెప్పు, నేను చెడ్డదాన్నా? మాటు వేయించడం నాకెంత పని? పంక్తులు వెనక్కి తిప్పడం ఎంత పని? ఒక్క ముక్క, ఒక్క ముక్క ముందు నాతో చెప్పుంటే ఆ రోజే చేసేదాన్ని కదా!”

“మీకు చెప్పేను టీచర్.”

“చెప్పలేదు!”

“చెప్పేను.”

“ఇందాకట్నుంచీ నేను ఊరుకుంటుంటే కొత్త అబద్ధం ఎత్తుకున్నావా? ఎప్పుడు చెప్పావు? నా గదికి వచ్చావా ఎప్పుడైనా?”

“గదికి రాలేదు.”

“హెడ్‌మాస్టారితో చెప్పావా?”

“లేదు.”

“సోములమ్మా, నీ ముందు చెప్పిందా?”

“నాకాడ మాత్రం ఏటీ అన్నేదు టీచరమ్మా.”

“విన్నావా? నాతో చెప్పకుండా తిన్నగా పీవోతో చెప్పావు. నా కడుపు మండేది అందుకే, పప్పు కోసం కాదు. సరే, ఒక పని చేద్దాం. సోములమ్మ సాక్షి. నాకు ఎప్పుడు చెప్పావో, ఎక్కడ చెప్పావో ఇప్పుడు చెప్పు. అది నిజమని నాకు అనిపిస్తే ఈ నిమిషంలో హాల్‌టికెట్టు నీ చేతిలో పెడతాను, రేపు నీ ఇష్టం వచ్చింది చెప్పుకో. నిజం కాకపోతే రేపు నేను చెప్పమన్న మాట చెప్తావు. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటాను.”

“తర్వాత ఏడిస్తే కుదరదు.”

“ఏడవను.”

“అయితే చెప్పు. ఎప్పుడు?”

“దసరా సెలవుల ముందు. గుణశ్రేఢి మొదలెట్టిన రోజు.”

“క్లాసులోనా?”

“క్లాసులోనే. ‘పుస్తకంలోది వద్దు, మీ కళ్ళతో చూసింది ఎవరైనా చెప్పండి’ అన్నారు. ఎవరూ లేవలేదు.”

“నువ్వు లేచావు. అది నాకు గుర్తుంది. నిన్న నేను చెప్పమన్నది అదే కదా! ఏదో గిన్నె, సగం, పావు అన్నావు. లెక్క ఎంత బాగా కుదిరిందని... స్టాఫ్‌రూములో కూడా అందరికీ చెప్పాను.”

“గిన్నె అన్లేదు టీచర్. గుండి అన్నాను. మా హాస్టల్ పప్పు గుండి అన్నాను. మీరు నవ్వి బోర్డు మీద ‘పప్పు’ అని రాసేరు. రాసి, ‘పప్పు అని ఎందుకులే, a అనుకుందాం’ అని తుడిచేసేరు. నేను పంక్తులు అన్నాను. మీరు ‘పదాలు అనుకుందాం’ అన్నారు.”

“నీలవేణీ...”

“ఐదో పదం ఎంత అని నన్నే అడిగేరు. ముప్ఫై రెండో వంతు అన్నాను. ‘కరెక్ట్’ అని, అందరిచేతా నాకు చప్పట్లు కొట్టించేరు టీచర్.”